ముఖంపై పెద్ద నల్ల చుక్క ఉందా? గిల్లే ముందు ఇది చదవండి.. అన్నీ బ్లాక్‌హెడ్స్ కావు!

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మిర్చి కళ్లాలు, పత్తి చేలల్లో పనంటే రోజంతా ఎండ, దుమ్ము, చెమటే. ముఖంపై నల్ల చుక్క కనిపిస్తే మురికి అనుకుని రుద్దేస్తాం, లేదా గోళ్లతో గిల్లేస్తాం. కానీ ఆ నలుపు మురికి కాదు. చర్మ రంధ్రంలో జిడ్డు, మృతకణాలు గడ్డకడతాయి. దాని పైభాగానికి గాలి తగలడం, అందులోని మెలనిన్ వల్ల నల్లగా కనిపిస్తుంది. మరి ఏది ఏంటో ఎలా గుర్తుపట్టాలి?

మామూలు బ్లాక్‌హెడ్: ఆవగింజంత లేదా ఇంకా చిన్నగా ఉంటుంది. నుదురు, ముక్కు, గడ్డంపై వస్తుంది. నొప్పి ఉండదు.

ముక్కుపై బూడిద రంగు చుక్కలు: అన్నీ ఒకే సైజులో, చదునుగా ఉంటే అది జబ్బు కాదు. తీసినా మళ్లీ నిండుతాయి.

ఒంటరిగా పెద్ద రంధ్రం: పెద్దవారిలో ముఖం, వీపుపై కనిపిస్తుంది. దీన్ని 'డైలేటెడ్ పోర్ ఆఫ్ వైనర్' అంటారు. ప్రమాదం లేదు. పిండితే మళ్లీ నిండుతుంది. చిన్న ఆపరేషన్‌తో పోతుంది.

కళ్ల పక్కన గుంపుగా: ఏళ్ల తరబడి ఎండలో పనిచేసి, చుట్ట, బీడీ కాల్చే పెద్దవారిలో ఎక్కువ. దీని పేరు 'ఫావ్రె-రకూషో'.

గడ్డ మీద నల్ల చుక్క: చర్మం కింద గుండ్రంగా కదులుతుంటే అది తిత్తి కావచ్చు. పిండితే లోపలే పగిలి వాచిపోతుంది.

ఇవి ఉంటే ఆలస్యం చేయొద్దు!

చుక్క పెరుగుతున్నా, రక్తం కారుతున్నా, పుండు నెల రోజులైనా మానకపోయినా, అంచులు మెరుస్తున్నా డాక్టర్‌కు చూపించాలి. బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ మనవాళ్లలో తరచూ నల్లగానే కనిపిస్తుంది. తొలిదశలో తీసేస్తే చాలావరకు నయమవుతుంది.

ఏం చేయాలి?

పని నుంచి రాగానే ముందు చేతులు, తర్వాత ముఖం మెత్తని సబ్బుతో కడగాలి. మిర్చి కోసిన చేతులతో ముఖం ముట్టుకోవద్దు. తలగుడ్డ లేదా టోపీ తప్పనిసరి. మామూలు బ్లాక్‌హెడ్స్‌కు శాలిసిలిక్ యాసిడ్ ఫేస్‌వాష్ పనిచేస్తుంది. తగ్గకపోతే డాక్టర్ సలహాతో రాత్రిపూట అడాపలీన్ జెల్ వాడొచ్చు. గర్భిణులు మాత్రం దీన్ని వాడకూడదు. పిన్నీసు, టూత్‌పేస్ట్, నిమ్మరసం జోలికి వెళ్లొద్దు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీములతో మొటిమలు ఇంకా పెరుగుతాయి.

గుంటూరు జీజీహెచ్, ఒంగోలు రిమ్స్‌లో చర్మవ్యాధుల ఓపీ ఉంటుంది. ఇంట్లో పెద్దవారి ముఖంపై అలాంటి చుక్క ఉంటే ఒకసారి చూపించండి.

గమనిక: ఈ సమాచారం అవగాహన కోసమే. చికిత్సకు డాక్టర్‌ను సంప్రదించండి.