కోఠీ రెసిడెన్సీ

హైదరాబాద్‌లో మూసీకి ఉత్తరపు ఒడ్డున, కోఠీలో ఉన్న పూర్వపు బ్రిటిష్ రెసిడెన్సీ భవనం. నిజాం దర్బారులోని ఈస్టిండియా కంపెనీ రాయబారి (రెసిడెంటు) కోసం 1803లో మొదలుపెట్టి, 1806 ప్రాంతంలో పూర్తి చేశారు. ఇంగ్లండు పల్లెసీమల్లో ప్రభువులు కట్టుకున్న పల్లాడియన్ శైలి భవంతుల కోవలోది.

కట్టించినవాడు రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం వాళ్లు ఈ పేరు తప్పక తెలుసుకోవాలి. నిజాం అలీ ఖాన్ సోదరుడు బసాలత్ జంగ్ ఏలిన ఆదోని సీమ, 1800 అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కుదిర్చిన సంధితోనే కంపెనీ పరమై దత్తమండలంలో కలిసింది. ఆ తర్వాత మూడేళ్లకే ఈ భవనం పని మొదలైంది. ఖర్చు నిజాం ఖజానాదే. స్థలం పటాన్ని పెద్ద కాగితం మీద చూపితే నిజాం కాదన్నాడనీ, అదే చిన్న చీటీ మీద గీసి చూపితే సరేనన్నాడనీ ఒక కథ ఉంది.

నమూనా గీసింది మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన సామ్యూల్ రస్సెల్. అప్పటికే కలకత్తాలో గవర్నర్ జనరల్ భవనాన్ని ఇంగ్లండులో డెర్బీషైర్‌లోని కెడిల్‌స్టన్ హాల్ పోలికలో కట్టారు. ఇక్కడా అదే తరహాలో, ఉత్తర ముఖాన వెడల్పాటి మెట్లు, వాటికి అటూ ఇటూ సింహాలు, పైన ఆరు కొరింథియన్ స్తంభాలు. చూపుకి పాలరాతిలా నిగనిగలాడినా, లోపలున్నది ఇటుక, సున్నం. ఇంగ్లిషు పోలికకు దక్కను పనితనం ప్రాణం పోసింది. దర్బారు హాలు కప్పుకి కాగితపు గుజ్జుతో చేసి రంగులద్దిన అలంకారాలున్నాయి.

కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా పరదా పాటించేది. ఆమె నివాసం రంగమహల్ ఇదే ఆవరణలో ఉండేది. ముందు వైపుకు వచ్చి భవనాన్ని చూడలేని ఆమె కోసం తోటలో దాని చిన్న నమూనా కట్టించారని చెబుతారు. కిర్క్‌పాట్రిక్ మాత్రం పని పూర్తికాకముందే, 1805లో కలకత్తాలో చనిపోయాడు. 1860లో రంగమహల్‌ను కూలగొట్టారు. ఈ ఆవరణకు జరిగిన నష్టాల్లో అదే పెద్దది. కంపెనీ దర్పం చాటే స్తంభాలు మిగిలాయి గానీ, దీన్ని ఒక సంసారానికి ఇల్లుగా నిలిపిన భాగం పోయింది.

1857 తిరుగుబాటు కాలంలో, జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రెసిడెన్సీపై దాడి జరిగింది. ఆపైన ప్రహరీని బలపరిచారు. 1949లో ఇక్కడికి ఉస్మానియా మహిళా కళాశాల వచ్చింది. ఇటీవల వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తోడ్పాటుతో భవనాన్ని పునరుద్ధరించారు. ఆ కళాశాలే ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయం.