పదును

ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడల్లో ఉలికైనా, రందాబ్లేడుకైనా ‘ధార్ పెట్టాలె’ అనేవాళ్లే ఎక్కువ. ఉర్దూ చలవ. ‘సాన’ కూడా అరువు మాటే. సంస్కృత ‘శాణం’ నుంచి మనకూ, హిందీ ‘సాన్’కూ వచ్చింది. మన సొంత మాట పదును.

దీని పుట్టిల్లు కార్ఖానా కాదు. పదును అంటే మొదట తగిన స్థితి. వాన పడ్డాక నేల నాగలికి అనువైతే ‘పదునైంది’ అంటాడు రైతు. కన్నడ ‘హద’, తమిళ ‘పదం’ దీని చుట్టాలే. కత్తి వాడి అన్న అర్థం ఒక్కటే తెలిసిన పట్నంవాళ్లకు ఇది వింతగా ఉంటుంది.

ఇనుము దగ్గర ఈ మాటకు రెండు పనులు: కాచి చప్పున చల్లార్చితే వచ్చే గట్టిదనం, అంచు వాడి. రెండిటికీ ఒకే పేరు ఎందుకో గ్రైండర్ చెబుతుంది. ఉలిని చక్రానికి అదిమితే అంచు వేడెక్కుతుంది. దాదాపు 300 డిగ్రీలకు నీలం తిరుగుతుంది. మామూలు కార్బన్ ఉక్కైతే ఆ మేర మెత్తబడ్డట్టే; చూపుకు వాడిగా ఉన్నా రెండు దెబ్బలకు మొండిబారుతుంది. హైస్పీడ్ స్టీల్‌కు ఈ గండం లేదు, 600 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. కార్బన్ ఉక్కు ఉలిని మాత్రం అందుకే మాటిమాటికీ నీళ్లలో ముంచుతారు. 25 డిగ్రీల వాలు చక్రం మీద తీసి, కొసను సానరాయి మీద 30కి దిద్దుతారు. వెనుకకు మళ్లిన సన్నటి ఇనుప పొరను, ఉలి వీపు రాయికి ఆనించి రుద్ది తీసేస్తారు. రంపం పళ్లకైతే ఆకురాయే.