దొంగిలించిన తుపాకీ కొనుగోలు

దొంగిలించిన తుపాకీ కొనుగోలు అంటే, ఒకరి వద్ద నుండి అపహరించబడిన తుపాకీని, ఆ సంగతి తెలియని మరొకరు డబ్బు చెల్లించి కొనడం. ఇంటర్నెట్ ప్రకటనల ద్వారా పాత వస్తువులు చేతులు మారడం పెరిగిన తరువాత ఈ విషయానికి ప్రాధాన్యత పెరిగింది. ఇందులో ముఖ్యంగా రెండు ప్రశ్నలు ఉన్నాయి. కొన్న వ్యక్తి నేరస్థుడు అవుతాడా? అతడు చెల్లించిన సొమ్ము తిరిగి వస్తుందా? సెల్‌ఫోను, మోటారు సైకిలు, బంగారం వంటి మామూలు వస్తువుల విషయంలో భారతదేశ చట్టం తెలియక కొన్నవారిని శిక్షించదు. వస్తువు అసలు యజమానికి వెళ్ళినా, సొమ్ము తిరిగి అడిగే హక్కు కొన్నవారికి ఉంటుంది. తుపాకీ విషయంలో ఈ హక్కు, లైసెన్సు కలిగి ఉండి చట్టం చెప్పిన పద్ధతిలో కొన్నవారికే అక్కరకు వస్తుంది.

యాజమాన్య హక్కు

భారతదేశంలో వస్తువుల అమ్మకాలకు 1930 నాటి వస్తు విక్రయ చట్టం వర్తిస్తుంది. తనకు లేని హక్కును ఎవరూ మరొకరికి ఇవ్వలేరన్నది ఈ చట్టంలోని 27వ సెక్షన్ సారాంశం. లాటిన్ భాషలో దీనిని "నెమో డాట్ క్వాడ్ నాన్ హాబెట్" అంటారు. దొంగకు వస్తువుపై యాజమాన్యం లేదు కాబట్టి, అతని వద్ద కొన్నవారికి గానీ, వారి వద్ద మళ్ళీ కొన్నవారికి గానీ యాజమాన్యం రాదు. వస్తువు ఎన్ని చేతులు మారినా, కొన్నవారు ఎంత మంచి విశ్వాసంతో కొన్నా అసలు యజమాని హక్కు చెక్కుచెదరదు.

దొంగతనానికి, మోసానికి ఇక్కడ తేడా ఉంది. యజమానిని మోసగించి అతని చేతనే అమ్మించుకొన్న వస్తువును, ఆ ఒప్పందం రద్దు కాకముందే మరొకరు మంచి విశ్వాసంతో కొంటే, 29వ సెక్షన్ ప్రకారం వారికి యాజమాన్యం వస్తుంది. దొంగ సొత్తుకు ఈ మినహాయింపు లేదు.

అమ్మినవారి బాధ్యత

వస్తువును అమ్మే హక్కు తనకు ఉన్నదన్న షరతు, ఒప్పందంలో రాయకపోయినా, ప్రతి అమ్మకంలోనూ ఉన్నట్లే 14వ సెక్షన్ భావిస్తుంది. ఆ హక్కు లేదని తేలితే కొన్నవారు పూర్తి ధరను తిరిగి అడగవచ్చు. అమ్మిన వ్యక్తికి కూడా అది దొంగ సొత్తని తెలియకపోవచ్చు. అయినా సొమ్ము తిరిగి ఇచ్చే బాధ్యత తప్పదు. అతడు తనకు అమ్మినవారిపై దావా వేసుకోవాలి. 61వ సెక్షన్ క్రింద, సొమ్ము చెల్లించిన తేదీ నుండి వడ్డీ ఇప్పించే అధికారం కూడా కోర్టుకు ఉంది.

ఈ విషయంలో తరచు ఉదహరించే తీర్పు ఇంగ్లాండులోని రోలాండ్ వర్సెస్ డివాల్ (1923). ఒక కార్ల వ్యాపారి 334 పౌండ్లకు కొన్న కారు దొంగిలించినదని కొన్ని నెలల తరువాత బయటపడి, పోలీసులు దానిని తీసుకొన్నారు. అంతకాలం కారు వాడుకలో ఉంది కాబట్టి ధరలో కొంత తగ్గించాలన్న వాదనను అప్పీలు కోర్టు అంగీకరించలేదు. కొన్నవారు డబ్బు చెల్లించింది యాజమాన్యం కోసం కాగా, అది ఏమాత్రమూ రాలేదు గనుక మొత్తం సొమ్ము తిరిగి ఇవ్వాలని తీర్పు చెప్పింది. మేసన్ వర్సెస్ బర్నింగ్‌హామ్ (1949) కేసులో, దొంగిలించినదని తెలియక కొన్న టైపు మిషనుకు చేయించిన మరమ్మతుల ఖర్చు కూడా కొన్నవారికి లభించింది.

నేర బాధ్యత

దొంగ సొత్తును స్వీకరించడం భారత శిక్షాస్మృతిలో 411వ సెక్షన్ క్రింద నేరంగా ఉండేది. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చిన తరువాత ఇది 317వ సెక్షన్ అయింది. మూడేళ్ళ వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అయితే వస్తువు దొంగిలించినదని తెలిసి గానీ, అలా నమ్మడానికి తగిన కారణం ఉండి గానీ, దురుద్దేశంతో స్వీకరించినప్పుడే ఇది నేరం. తెలిసి ఉండడం అన్నది ప్రాసిక్యూషన్ రుజువు చేయవలసిన అంశమని త్రింబక్ వర్సెస్ మధ్యప్రదేశ్ రాష్ట్రం (1954) కేసులోనూ, శివకుమార్ వర్సెస్ మధ్యప్రదేశ్ రాష్ట్రం (2022) కేసులోనూ సుప్రీంకోర్టు పేర్కొన్నది.

మార్కెట్టు ధర కంటే మరీ తక్కువ ధర, బిల్లు లేకపోవడం, చెరిపివేసిన నంబర్లు, అమ్మినవారు చిరునామా చెప్పకపోవడం వంటివి "నమ్మడానికి తగిన కారణం" ఉన్నదనడానికి ఆధారాలు కాగలవు.

తుపాకీలకు ప్రత్యేక నిబంధనలు

తుపాకీల విషయంలో పై చట్టాలతో పాటు 1959 నాటి ఆయుధ చట్టం, 2016 నాటి ఆయుధ నియమాలు వర్తిస్తాయి. వీటిలో ముఖ్యమైనవి:

* సెక్షన్ 3: లైసెన్సు లేకుండా తుపాకీ సంపాదించడం, కలిగి ఉండడం నిషిద్ధం. 2019 సవరణ ప్రకారం ఒక వ్యక్తి సాధారణంగా రెండు తుపాకీలకు మించి కలిగి ఉండరాదు.
* సెక్షన్ 5: సొంత వాడకానికి ఉన్న తుపాకీని లైసెన్సుదారు మరొక అర్హునికి అమ్మవచ్చు. కానీ అమ్మదలచిన సంగతిని జిల్లా మేజిస్ట్రేటుకు గానీ, దగ్గరలోని పోలీసు స్టేషను అధికారికి గానీ ముందుగా వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ తరువాత కనీసం 45 రోజులు గడవాలి.
* సెక్షన్ 8: తయారీదారు పేరు, నంబరు వంటి గుర్తింపు లేని తుపాకీని అమ్మరాదు. గుర్తులు చెరిపిన తుపాకీ ఎవరి వద్ద ఉంటే వారే చెరిపారని, వేరే రుజువు లేనంతవరకు, చట్టం భావిస్తుంది.
* సెక్షన్ 21: కలిగి ఉండడం చట్టవిరుద్ధమైన తుపాకీని ఆలస్యం చేయకుండా దగ్గరలోని పోలీసు స్టేషనులో గానీ, లైసెన్సు ఉన్న డీలరు వద్ద గానీ అప్పగించాలి.
* సెక్షన్ 25: లైసెన్సు లేకుండా మామూలు తుపాకీ కలిగి ఉంటే రెండు నుండి ఐదేళ్ళ జైలు, జరిమానా. నిషేధిత ఆయుధాలకు శిక్ష ఇంకా ఎక్కువ.

తుపాకీ పోయినా, దొంగతనానికి గురైనా వెంటనే పోలీసులకు తెలియజేయడం లైసెన్సు షరతులలో ఒకటి. అందువలన చట్టప్రకారం ఉన్న తుపాకీ దొంగతనం సాధారణంగా పోలీసు రికార్డుకు ఎక్కుతుంది. 45 రోజుల గడువులో ఆ నంబరును సరిచూసే అవకాశం ఉంటుంది. గడువు పాటించకుండా, ఫోనులో బేరమాడి చేతికి తీసుకొన్న తుపాకీకి ఈ రక్షణ ఉండదు.

"కలిగి ఉండడం" అంటే తెలిసి కలిగి ఉండడమేనని గున్వంత్‌లాల్ వర్సెస్ మధ్యప్రదేశ్ రాష్ట్రం (1972) కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఈ తెలియడం తుపాకీ తన వద్ద ఉన్నదన్న విషయానికి సంబంధించినది. తుపాకీ ఉన్నదని తెలిసి, అది దొంగిలించినదని మాత్రం తెలియని వ్యక్తికి, లైసెన్సు లేకపోతే, ఈ తీర్పు వలన ప్రయోజనం లేదు.

ఆన్‌లైన్ అమ్మకాలు

పోయినసొమ్ము విషయంలో అమ్మినవారి హోదా ముఖ్యం. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నియమాలు వ్యాపారంగా అమ్మేవారికి వర్తిస్తాయి. వృత్తిగా కాక, తన సొంత పాత వస్తువును అమ్ముకొనే వ్యక్తికి వర్తించవు. ప్రకటనలను ప్రదర్శించే సంస్థలకు 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 79వ సెక్షన్ షరతులతో కూడిన రక్షణ ఇస్తుంది. కాబట్టి ప్రైవేటు వ్యక్తి వద్ద కొన్న వస్తువుకు సొమ్ము వసూలు చేసుకోవలసింది ప్రధానంగా ఆ వ్యక్తి నుండే.

సొమ్ము తిరిగి పొందే మార్గాలు

1. సివిల్ దావా: ధర, వడ్డీ, నష్టపరిహారం కోసం అమ్మినవారిపై దావా వేయవచ్చు. ప్రతివాది నివసించే చోట గానీ, వ్యవహారం పూర్తిగా లేదా కొంతవరకు జరిగిన చోట గానీ వేయవచ్చు. ప్రతిఫలం విఫలమైన తేదీ నుండి మూడేళ్ళు కాలపరిమితి.
2. వినియోగదారుల కమిషన్: అమ్మినవారు వ్యాపారి అయితే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం క్రింద రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుదారు నివసించే చోటే ఫిర్యాదు చేసే వీలు ఈ చట్టంలో ఉంది. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల వరకు ఉంటే రుసుము లేదు.
3. క్రిమినల్ కోర్టు: ఇది చాలామందికి తెలియని మార్గం. దొంగ అరెస్టయినప్పుడు అతని వద్ద డబ్బు దొరికి, తరువాత అతనికి శిక్ష పడితే, తెలియక కొన్నవారు వస్తువును యజమానికి అప్పగించిన మీదట, తాము చెల్లించిన ధరకు మించకుండా ఆ డబ్బులోనుండి ఇప్పించమని కోరవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజరు కోడులోని 453వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 499వ సెక్షన్. అలాగే 395వ సెక్షన్ క్రింద (పాత 357) వసూలైన జరిమానాలోనుండి మంచి విశ్వాసంతో కొన్నవారికి పరిహారం ఇప్పించవచ్చు.

ఆన్‌లైన్‌లో డబ్బు చెల్లించి మోసపోయినవారు 1930 నంబరుకు వెంటనే ఫోను చేస్తే, ఆ సొమ్ము ఇంకా బ్యాంకు ఖాతాలలో ఉన్నంతవరకు దానిని నిలిపివేయించే అవకాశం ఉంటుంది. వినియోగదారుల సహాయ నంబరు 1915.

లైసెన్సు లేని కొనుగోలు

లైసెన్సు లేకుండా తుపాకీ కొనడానికి చేసుకొన్న ఒప్పందం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం చెల్లదు. చెల్లదని తరువాత తెలిసిన ఒప్పందంలో పుచ్చుకొన్నది తిరిగి ఇవ్వాలని 65వ సెక్షన్ చెబుతుంది. కానీ మొదటి నుండీ చట్టవిరుద్ధమని తెలిసి చేసిన ఒప్పందానికి ఈ సెక్షన్ తోడ్పడదని కుజు కాలరీస్ వర్సెస్ జార్ఖండ్ మైన్స్ (1974) కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఇరుపక్షాలూ సమానంగా తప్పు చేసినప్పుడు కోర్టు ఎవరికీ సహాయం చేయదన్న సూత్రాన్ని అంతకు ముందే ఆంధ్ర ప్రాంతం నుండి వెళ్ళిన ఇమ్మణి అప్పారావు వర్సెస్ గొల్లపల్లి రామలింగమూర్తి కేసులో చర్చించింది. ఆ కేసు అప్పులవారిని ఎగవేయడానికి చేసిన ఆస్తి బదిలీకి సంబంధించినది.

దీని ఫలితం ఇలా ఉంటుంది. ఉదాహరణకు, ఇద్దరు వ్యక్తులు ఒకే ధరకు దొంగిలించిన తుపాకీలు కొన్నారనుకొందాం. మొదటివానికి లైసెన్సు ఉంది, 45 రోజుల గడువు పాటించబడింది. అతడు తుపాకీని పోగొట్టుకొంటాడు గానీ సొమ్ముకు దావా వేయగలడు. రెండవవానికి లైసెన్సు లేదు. అతడు తుపాకీనీ, సొమ్మునూ పోగొట్టుకోవడమే కాక, సొమ్ము కోసం వేసే దావాలో తన నేరాన్ని తానే ఒప్పుకోవలసి వస్తుంది.

పల్నాడులో

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4 న గుంటూరు జిల్లా నుండి విడిపోయి, నరసరావుపేట కేంద్రంగా ఏర్పడింది. నరసరావుపేట, గురజాల, సత్తెనపల్లి రెవెన్యూ డివిజన్లు. మాచర్ల గురజాల డివిజనులో ఉంది. జిల్లా విభజనకు ముందు ఈ ప్రాంతానికి జిల్లా మేజిస్ట్రేటు గుంటూరులో ఉండేవారు. అందువలన పాత లైసెన్సు కాగితాలపై గుంటూరు జిల్లా పేరు ఉండడం సహజం. కాగితాలు సరిచూసేవారు ఈ సంగతి గమనించాలి.

జిల్లా పశ్చిమ భాగం నల్లమల అడవిని ఆనుకొని ఉంది. పంటలను అడవి పందుల నుండి కాపాడుకోవడం అడవి అంచు గ్రామాల రైతులకు ఎప్పుడూ ఉండే సమస్య. నిజమైన పంట రక్షణ కోసం ముందు నుండి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు ఆయుధ చట్టం 13వ సెక్షన్‌లో ఉంది. అయితే ఈ లైసెన్సు వేటకు అనుమతి కాదు. వన్యప్రాణుల విషయంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. లైసెన్సు లేని నాటు తుపాకీ కొన్న రైతుకు పంట రక్షణ అన్న కారణం ఆయుధ చట్టం నుండి మినహాయింపు ఇవ్వదు.

మాచర్లకు సమీపంలోని నాగార్జునసాగర్ వద్ద కృష్ణా నది దాటితే తెలంగాణ రాష్ట్రం. అమ్మినవారు నదికి అవతల, కొన్నవారు ఇవతల ఉన్నప్పుడు ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. దీనిని జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. సివిల్ దావాల కోసం నరసరావుపేట, గురజాల, మాచర్ల పట్టణాలలో కోర్టులు ఉన్నాయి.

ఎన్నికల సమయంలో లైసెన్సు తుపాకీలను పోలీసు స్టేషన్లలో అప్పగింపజేయడం ఎన్నికల సంఘం ఆదేశాలతో జరిగే ప్రక్రియ. 2024 మే 13 న పోలింగు సందర్భంగా, ఆ తరువాత పల్నాడులో హింస చెలరేగి 144వ సెక్షన్ విధించారు. అటువంటి సమయాలలో లెక్కలో లేని తుపాకీ దొరికితే, అది తెలియక కొన్నదని చెప్పుకోవడం మరింత కష్టమవుతుంది.

దొంగ సొత్తని తెలిసినప్పుడు

* తుపాకీని వాడరాదు, మరొకరికి అమ్మరాదు, అమ్మినవారికే తిరిగి ఇచ్చివేయరాదు. లైసెన్సు లేనివారికి తిరిగి ఇవ్వడం కూడా చట్టవిరుద్ధమైన బదిలీయే. అప్పటి నుండి చేసిన అమ్మకం తెలిసి చేసినదవుతుంది.
* న్యాయవాదిని సంప్రదించి, ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోవాలి.
* ప్రకటన, సందేశాలు, బ్యాంకు చెల్లింపు వివరాలు, అమ్మినవారి ఫోను నంబరు భద్రపరచాలి. తెలియక కొన్నామని చూపడానికీ, సొమ్ము అడగడానికీ ఇవే ఆధారాలు.
* అమ్మినవారికి వ్రాతపూర్వకంగా నోటీసు పంపాలి.

తనంతట తాను అప్పగించడం శిక్ష నుండి మినహాయింపు కాకపోయినా, ఉద్దేశాన్ని నిర్ణయించడంలో లెక్కకు వస్తుంది. సెక్షన్ 3 క్రింద నేరానికి ఎవరిపైనైనా కేసు నడపడానికి జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి అవసరమని ఆయుధ చట్టం 39వ సెక్షన్ చెబుతుంది.

ఇతర దేశాలలో

ఇంగ్లాండులో బహిరంగ సంతలో పగటిపూట మంచి విశ్వాసంతో కొన్నవారికి, దొంగ సొత్తు అయినా, యాజమాన్యం వచ్చే పాత ఆచారం ఒకటి ఉండేది. 1994 చట్టంతో దానిని రద్దు చేశారు. భారతదేశ చట్టంలో ఆ ఆచారానికి చోటు లేదు.

అమెరికాలో తుపాకీల ప్రైవేటు అమ్మకాలు చాలా రాష్ట్రాలలో చట్టబద్ధం. అక్కడ కూడా దొంగిలించిన తుపాకీ అసలు యజమానికే చెందుతుంది. అమ్మే హక్కు గురించిన హామీ ఏకరూప వాణిజ్య స్మృతి ప్రకారం, లూసియానా మినహా, అన్ని రాష్ట్రాలలో ఉంది. దొంగిలించిన తుపాకీల వివరాలను ఎఫ్.బి.ఐ. 1967 నుండి జాతీయ రికార్డులో ఉంచుతోంది. విద్యార్థి వీసా వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ కలిగి ఉండడాన్ని అమెరికా సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. అక్కడ చదువుకొనే తెలుగు విద్యార్థులకు ఇది ముఖ్యమైన విషయం.

ఇవి కూడా చూడండి

* ఆయుధ చట్టం, 1959
* వస్తు విక్రయ చట్టం, 1930
* వినియోగదారుల రక్షణ చట్టం
* పల్నాడు జిల్లా