పట్నం పుస్తకాల్లో లేని వాడలు

హైదరాబాదును ప్రేమించనివాళ్లు తక్కువ. ఆ ప్రేమతోనే ఎన్నో పుస్తకాలొచ్చాయి. 1591లో కట్టిన చార్మినారు, నిజాం నగలు, నవాబుల దేవిడీలు, బిర్యానీ, అత్తరు అన్నీ వాటిలో ఉంటాయి. పాత ఫొటోల్లో గుర్రం మీద దొర దర్జాగా కూర్చుని ఉంటాడు. ఆ గుర్రానికి గడ్డి కోసినదెవరు? జీనుకు తోలు ఊనినదెవరు? లద్దె ఎత్తినదెవరు? వాళ్లు ఫొటోలోనూ లేరు, పుస్తకంలోనూ లేరు. చరిత్ర రాసినవాళ్లకు వాళ్లు కనబడలేదంటే నమ్మలేం. చూశారు, కాని అది చరిత్ర అనుకోలేదు.

సికింద్రాబాదు సంగతే తీసుకుందాం. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద లష్కర్ వెలిసింది. దండు దిగిన చోట బూట్లు కావాలి, జీన్లు కావాలి, గడ్డి కావాలి. దొరల ఇళ్లల్లో వంటకు బట్లర్లు, పిల్లలకు ఆయాలు కావాలి. ఘాస్‌మండీ పేరు చూడండి, గడ్డి బజారు అని ఆ పేరే చెబుతోంది. తర్వాత రైలొచ్చింది, లాలాగూడలో వర్క్‌షాపు వచ్చింది. ఈ పనుల కోసం పల్లెలు విడిచి మాలలు, మాదిగలు పట్నం చేరారు. ఊళ్లో చేసింది వెట్టి. పట్నంలో చేసింది కూడా కాయకష్టమే, కాని నెల తిరిగితే చేతిలో జీతం పడేది. పెద్ద తేడా అక్కడే ఉంది. వెట్టివాడు సంఘానికి చందా ఇవ్వలేడు. జీతగాడు ఇవ్వగలడు.

ఆ చందా డబ్బుల్లోంచి ఏం పుట్టిందో తెలియాలంటే మాదరి భాగయ్య జీవితం చూడాలి. 1888లో మాల కుటుంబంలో పుట్టాడు. సికింద్రాబాదులో డోస్ సాంటోస్ అనే బారిస్టరు ఇంట్లో పనికి కుదిరి, అక్కడే చదువు నేర్చాడు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. అప్పటికి అంబేద్కర్ పదిహేనేళ్ల బడిపిల్లాడు. మన ఉద్యమం ఎక్కడినుంచో అరువు తెచ్చుకున్నదనేవాళ్లు ఈ ఒక్క సంవత్సరం గుర్తుంచుకుంటే చాలు. మండలి హరికథలతో, భజనలతో వాడల్లోకి వెళ్లింది. 1910లో ఇసామియా బజారులో బడి తెరిచారు. సర్కారు బడుల్లో ఉర్దూ నడిచే రోజుల్లో ఈ బడుల్లో తెలుగు చెప్పారు. 1930ల నాటికి అవి ఇరవై దాటాయి. తాగుడు మానమన్నారు, ఆడపిల్లల్ని దేవదాసీలుగా, జోగినులుగా వదలొద్దన్నారు. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవనం కట్టుకున్నారు.

పేరు కోసం కూడా కొట్లాడారు. భాగయ్య భాగ్యరెడ్డి అయ్యాడు, 1913లో ఆర్యసమాజం వాళ్లు వర్మ అని బిరుదిచ్చారు. 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించి 'పంచములు' అనే మాటను తోసేసి 'ఆది ఆంధ్రులు' అనే పేరు నిలబెట్టాడు. 1931 జనాభా లెక్కల్లో నిజాం సర్కారు మనవాళ్లను 'ఆది హిందువులు'గా రాసుకుంది. ఆ సంవత్సరమే ఆయన 'భాగ్యనగర్' పత్రిక మొదలుపెట్టి, అందులో 'వెట్టి మాదిగ' కథ వేశాడు. తెలుగులో తొలి దళిత కథ అదేనంటారు పరిశోధకులు. అంటే పట్నంలో జీతం, చదువు దొరికినవాడు తిరిగి పల్లెలో వెట్టివాడి గురించే రాశాడన్నమాట.

ఆయన ఒక్కడే కాదు. అరిగె రామస్వామి ఆఫీసు బాయిగా, వడ్రంగిగా, రైల్వే టికెట్ కలెక్టరుగా బతుకుతూనే సికింద్రాబాదులో సంఘాలు నడిపాడు. బి.ఎస్. వెంకటరావు, జె.హెచ్. సుబ్బయ్య, శ్యాంసుందర్ తర్వాతి పోరాటాలు నడిపారు. వీళ్లందరిదీ ఒకే మాట కాదు. ఆర్యసమాజం గురించి, నిజాం గురించి, మాల మాదిగల మధ్య వాటాల గురించి తగువులు నడిచాయి. వాటిని దాచి మంచిమాటలే చెబితే అది జయంతి సభ ఉపన్యాసమవుతుంది, చరిత్ర కాదు.

ఇక పట్నం కులాన్ని పోగొట్టిందా? లేదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఊరిని ముంచాక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు, డ్రైనేజీ పథకాలు వేశారు. ఇంజనీరు విశ్వేశ్వరయ్య పేరు బడిపిల్లలకు కూడా తెలుసు. ఆ డ్రైనేజీలోకి దిగిన మనిషి పేరు ఎవరికీ తెలియదు. పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. అయినా మ్యాన్‌హోళ్లలో ఊపిరాడక చనిపోయినవాళ్ల వార్తలు ఆగలేదు. తెల్లారకముందే రోడ్లు ఊడ్చే చేతులు నేటికీ ఎక్కువగా దళితులవే, అందులోనూ ఆడవాళ్లవే. పట్నం జీతమిచ్చింది, చీపురు మాత్రం అదే చేతిలో ఉంచింది.

అందుకే ఈ చరిత్ర రాయాల్సింది మనమే. బస్తీలు కూలుతున్నాయి, పేర్లు మారుతున్నాయి. విద్యార్థులు, టీచర్లు ఒక పని చేయొచ్చు. తమ బస్తీలో ముసలమ్మను కూచోబెట్టి అడగండి: మీ అత్తామామలు ఏ ఊరినుంచి వచ్చారు, ఏం పని చేశారు, నీళ్లు ఎక్కడ తెచ్చుకున్నారు, బడికి ఎవరు పంపారు. పాత బడి రిజిస్టర్లు, చర్చిల బాప్తిస్మ దస్తావేజులు, రైల్వే సర్వీసు కాగితాలు, సంఘాల రసీదు పుస్తకాలు వెతకండి. తారీఖుతో సహా రాసి పెట్టండి. నవాబుల చరిత్రకు గ్రంథాలయాలున్నాయి, మన చరిత్ర చాలావరకు రేకు పెట్టెల్లో, పెద్దవాళ్ల జ్ఞాపకాల్లో ఉంది. పెట్టెకు చెద పట్టకముందే, మనిషి పోకముందే అది కాగితం మీదికి రావాలి.