బంతులు, పుల్లలు, బంధాలు: అణు నమూనాల చరిత్ర

సమయోజనీయ బంధం అంటే రెండు పరమాణువులు ఒక ఎలక్ట్రాన్ జంటను పంచుకోవడమని మీరు గత భాగంలో చదివారు. ఆ జంటను కాగితం మీద చిన్న గీతగా చూపించాం. ఈ గీతతో ఒక చిక్కుంది. సికింద్రాబాద్ సంపర్క తరగతుల్లో మీథేన్‌ను గీయమంటే చాలామంది కూడిక గుర్తు గీసి, నాలుగు కొసల్లో హైడ్రోజన్‌లు రాస్తారు. రాతకు అది చాలు. కాని అణువు నిజంగా అలా బల్లపరుపుగా ఉంటుందన్న ఊహ నాటుకుంటే ముందు పాఠాలన్నీ బరువవుతాయి. శాస్త్రజ్ఞులు కూడా ఈ దశ దాటి వచ్చినవారే.

1865 ఏప్రిల్ 7న లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హాఫ్‌మన్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు క్రోకే ఆట బంతులకు రంగులు వేసి, ఊచలతో కలిపి అణువులను చూపించాడు. కార్బన్‌కు నలుపు, హైడ్రోజన్‌కు తెలుపు, ఆక్సిజన్‌కు ఎరుపు, నైట్రోజన్‌కు నీలం, క్లోరిన్‌కు ఆకుపచ్చ. నేటికీ ఇంచుమించు ఇవే రంగులు వాడుతున్నాం. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుక్కున్నది 1897లో, లూయిస్ ఎలక్ట్రాన్ జంట గురించి చెప్పింది 1916లో. అంటే ఊచ ముందే వచ్చింది, అది దేనికి గుర్తో తెలియడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. అయితే హాఫ్‌మన్ కార్బన్ బంతికి నాలుగు ఊచలూ ఒకే తలంలో ఉండేవి. అదీ కూడిక గుర్తే!

ఇక్కడ చదవడం ఆపి ఒక నమూనా చేయండి. చపాతీ పిండి, చీపురు పుల్లలు చాలు. కార్బన్ ముద్దకు నాలుగు పుల్లలను ఒకే తలంలో గుచ్చి రెండు హైడ్రోజన్‌లు, రెండు క్లోరిన్‌లు తగిలించండి. క్లోరిన్‌లు పక్కపక్కన ఉంటే ఒక రూపం, ఎదురెదురుగా ఉంటే మరొకటి. ఎంత తిప్పినా ఒకటి రెండోది కాదు. ఆ లెక్కన డైక్లోరోమీథేన్ రెండు రకాలుగా దొరకాలి. దొరికింది ఒక్కటే. ఇప్పుడు పుల్లలు ఊడదీసి, ప్రతి పుల్లా మిగతా మూడింటికీ సమాన దూరంలో ఉండేలా గుచ్చండి. ముద్ద మూడు కాళ్ల మీద నిలబడుతుంది, నాలుగో పుల్ల పైకి ఉంటుంది. క్లోరిన్‌లను ఏ రెండు కొసలకు పెట్టినా, తిప్పి చూస్తే అదే అణువు. పుల్లల మధ్య కోణం సుమారు 109.5 డిగ్రీలు.

1874లో వాంట్ హాఫ్ ఈ చతుర్ముఖి ఆకారాన్నే ప్రతిపాదించాడు. అప్పుడతనికి 22 ఏళ్లు. కాగితంతో నమూనాలు చేసి తోటి శాస్త్రజ్ఞులకు పంపాడు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో లెబెల్ కూడా విడిగా ఇదే మాట చెప్పాడు. పశువైద్య కళాశాలలో పనిచేసేవాడికి ఇలాంటి ఊహలా అని 1877లో కోల్బే అనే పేరున్న ఆచార్యుడు ఎగతాళి చేశాడు. 1901లో రసాయన శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి వాంట్ హాఫ్‌కే వచ్చింది.

మన ప్రాంతానికి దగ్గరి కథ మద్రాసులో జరిగింది. 1952లో అక్కడికి వచ్చిన బెర్నాల్, కొల్లాజెన్ నిర్మాణం ఇంకా తేలలేదని జి.ఎన్. రామచంద్రన్‌తో అన్నాడు. తోలులో ప్రధానమైన ప్రోటీన్ కొల్లాజెనే. విశ్వవిద్యాలయం పొరుగునే కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ ఉంది. గుంటూరు జిల్లాకు చెందిన యలవర్తి నాయుడమ్మ 1958లో డైరెక్టరైంది ఆ సంస్థకే. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ఎక్స్-కిరణ చిత్రాలు తీసి, బంతులు, పుల్లలతో నమూనా కట్టి, మూడు గొలుసుల నిర్మాణాన్ని 1954లో నేచర్ పత్రికలో ప్రకటించారు.

దానికి ఒక అభ్యంతరం వచ్చింది. కొన్ని పరమాణువులు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉన్నాయని క్రిక్, రిచ్ అన్నారు. పుల్లల నమూనా బంధ కోణాలను చూపుతుంది గాని, పరమాణువు ఎంత చోటు ఆక్రమిస్తుందో చూపదు. రామచంద్రన్ ఆ విమర్శను పక్కన పెట్టలేదు. తెలిసిన స్ఫటికాలలో బంధం లేని పరమాణువులు ఎంత దగ్గరకు రాగలవో తన సహచరులతో కలిసి లెక్కగట్టాడు. 1963లో రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి ప్రచురించిన రామచంద్రన్ పటానికి పునాది ఆ లెక్కలే. ఈనాటికీ కొత్త ప్రోటీన్ నిర్మాణాన్ని ఆ పటంతో సరిచూస్తారు.