మిల్లునూలును మన మగ్గములును: నల్లగొండ, పాలమూరు సీమల వృత్తాంతము

మన కులోత్పత్తిని గూర్చి మార్కండేయ, భావనాఋషుల కథలు ఇట్టి సంచికలయందు ఏటేట వెలువడుచునే యున్నవి. వానియందు మాకును భక్తి గలదు. ఐనను పురాణము వేఱు, చరిత్రము వేఱు. మన తాతముత్తాతలకు కూడు ఎచ్చటినుండి వచ్చెను, ఎట్లు పోయెను అను సంగతి పురాణములయందు దొరకదు. కావున నల్లగొండ, పాలమూరు సీమల సాలెవారి జీవనముపై యంత్రశాలలు కలిగించిన మార్పును మాత్రమే ఇచ్చట విచారింపబూనితిమి.

బొంబాయిలో నూలుమిల్లు స్థాపనకు 1854వ సంవత్సరమున పూనిక జరిగెను. సికింద్రాబాదునుండి వాడివఱకు రైలుమార్గము 1874లో తెఱవబడినది. సోలాపురమున మొదటి మిల్లు 1877లో వెలసెను. ఈ మూడింటిని కలిపి చూచిననేగాని మన పల్లెలలో జరిగినది బోధపడదు. మిల్లు మన కడకు మొదట గుడ్డతో మాత్రమే రాలేదు, నూలుతోను వచ్చెను. సన్నముగను, సమముగను, పడుగునకు తెగకయు ఉండు ఆ నూలును చూచి నేతగాడు సంతోషించెను. కాని యింటింట రాట్నము మూలబడెను. నూలు వడకి పొట్టపోసికొనుచుండిన స్త్రీలు మన కులమువారు మాత్రమే కారు. అన్ని జాతులలోని వితంతువులు, వృద్ధస్త్రీలు అందులో నుండిరి. వారి నష్టమును గూర్చి మన సంఘములు ఏనాడును మాటాడినట్లు మాకు కానరాదు. ఇఁక నేతగాని సంగతి: పత్తి తన పొరుగు చేలలో పండుచుండగా నూలుధర దూరపు పట్టణమున నిర్ణయింపబడసాగెను. నూలు అప్పుగానిచ్చి చీర తాను తీసికొను షావుకారు నడుమ నిలిచెను. నేత చేతిలో నుండియు వెల చేయి జాఱినది అప్పుడే.

అప్పు పెరిగి, వానలు తప్పిన యేండ్లలో మనవారు మగ్గమువిడిచి మిల్లునే వెదకుకొనుచు పోయిరి. నల్లగొండ, పాలమూరు, కరీంనగరు సీమలనుండి సోలాపురమునకు పోయిన కుటుంబములు వేలకు వేలు. అచ్చట మార్కండేయ మందిరము కట్టుకొనిరి. ఇండ్లలో తెలుగు విడువలేదు. ఐనను ఆ పురమునందలి తొలిమిల్లు 1960 తరువాతి దశాబ్దమున మూతపడినప్పుడు వారి గతి యేమాయెను? పురుషులు మరమగ్గములకును, స్త్రీలు బీడీలు చుట్టుటకును దిగిరి. భీవండికి పోయినవారికిని మరమగ్గమే దిక్కు. ఇంటిమగ్గముకడ యజమాని యైనవాడు పరుల మగ్గముకడ కూలివాడయ్యెను. మన పొరుగుననే, ఓరుగల్లున, ఏడవ నిజాము కాలమున 1934లో ఆజంజాహీ మిల్లు వెలసి వేలమందికి అన్నము పెట్టెను. అదియు మూతపడినది. మిల్లు వచ్చునప్పుడు పాతవృత్తిని మాన్పించును, పోవునప్పుడు దానిని తిరిగి యిచ్చిపోదు.

మఱి యిన్ని మిల్లులు వచ్చినను మన మగ్గములు కొన్ని యేల నిలిచినవి? మిల్లు చేయలేని పని చేసినవి గనుక నిలిచినవి. తేలియా రుమాలును చూడుడు. ఆముదపుకాయల పొట్టు కాల్చిన బూడిదయు నూనెయు కలిపి నూలును దినములతరబడి నానబెట్టి, ఎఱ్ఱరంగు పట్టించి నేయుదురు. ఆముదము మన రెండు సీమలకును సహజమైన పంట గదా! ఆ రుమాళ్లు ఏడెను, అరబ్బుదేశములదాక పోయినవి. పోచంపల్లివారు ఈ చిటికి పనిని నూలునుండి పట్టునకు త్రిప్పిరి. పుట్టపాకలో గజం గోవర్ధన గారికి 2011లోను, గజం అంజయ్య గారికి 2013లోను పద్మశ్రీ బిరుదములు వచ్చినవి. గద్వాలలో నూలుచీరకు పట్టుఅంచును నేతలోనే కూర్చుదురు. నారాయణపేట గడిచీరకు మహారాష్ట్ర స్త్రీల ఆదరము గలదు.

ఇప్పుడు వచ్చిన యాపద వేఱు. చిటికి చీరలోని పువ్వును మరమగ్గపుగుడ్డపై అచ్చొత్తి, నాలవవంతు వెలకైనను అమ్మగలరు. కొన్ని రకములను చేనేతకే యుంచవలెనని 1985లో శాసనము పుట్టినది. మిల్లువారు వ్యాజ్యెమాడగా 1993లో సుప్రీముకోర్టు దానిని నిలిపెను. కాని 1996లో ఇరువదిరెండు రకములను పదునొకటికి తగ్గించిరి. 2005లో పోచంపల్లి ఇక్కతునకు భౌగోళిక గుర్తింపు లభించెను, 2006లో చేనేతముద్ర వచ్చెను. ఇవి మంచివే. ఐతే అచ్చుచీరను పోచంపల్లి పేర అమ్ము దుకాణములలో మన కులమువారి దుకాణములును లేకపోలేదు. ఈ మాట పోషకులకు రుచింపకపోవచ్చును. ఒకే యింటిలో అన్న నేయుచుండ తమ్ముడు దాని నకలు అమ్ముచున్నప్పుడు, శాసనమును నిందించి యేమి ప్రయోజనము?

యంత్రమెల్ల కీడేయని మా యభిప్రాయము కాదు. చిటికి పనికి ముందు ఆసు పోయవలెను. ఒక చీరకు చేతిని రమారమి తొమ్మిదివేల మారులు ఆడింపవలెను. ఆ పని స్త్రీలది. భుజములు పడిపోవువఱకు వారు చేసిరి. ఆలేరు చెంతనున్న శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు తల్లి లక్ష్మిగారి బాధ చూడలేక 1999లో ఆసుయంత్రమును నిర్మించిరి. దానికి తల్లిపేరే పెట్టిరి. 2017లో వారికి పద్మశ్రీ వచ్చెను. ఈ యంత్రము నేతగాని మగ్గమును లాగికొనలేదు, ఇల్లు విడిపింపలేదు. ఇంటియందే, మగ్గముప్రక్కనే నిలిచి, గంటలకొలది శ్రమను తగ్గించినది.

దానిని కొనలేని యిండ్లలో నేటికిని స్త్రీలు చేతితోనే ఆసు పోయుచున్నారు. సంఘనిధి నుండి ఏటికి కొన్ని యంత్రములైనను అట్టి యిండ్లకు ఇప్పింపవలెననియు, అచ్చుచీరను చేనేతయని యమ్మబోమని వర్తకులైన మన సభ్యులు వ్రాతపూర్వకముగా ఒప్పుకొనవలెననియు ఈ సభవారికి మేము విన్నవించుచున్నాము.