లక్కపిడత చేసిందెవరు?

కథకుడు రావిశాస్త్రి సొంతూరు అనకాపల్లి దగ్గరి తుమ్మపాల. రాచకొండ విశ్వనాథశాస్త్రి అన్న అసలు పేరు ఉండగానే కాంతాకాంత, జాస్మిన్, శంకరగిరి గిరిజాశంకరం అంటూ ఆయన మారుపేర్లు పెట్టుకుని రాశారు. ఆ పేర్ల వెనక ఉన్నది ఒక్క మనిషేనని ఇవాళ మనకు తెలుసు. పత్రికకు తేదీ ఉంటుంది, సంచికకు సంఖ్య ఉంటుంది, కథను అచ్చువేసిన సంపాదకుడు ఉంటాడు, అన్నిటికీ మించి వాక్యానికి ఒక నడక ఉంటుంది. ఓపిక ఉన్నవాళ్లు వీటిని పట్టుకుని మారుపేరు ముడి విప్పగలరు. 1997లో కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో కథల గ్రంథాలయం కథానిలయాన్ని నెలకొల్పాక ఆ ఓపికకు ఒక గూడు కూడా దొరికింది. అదే అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో తరతరాలుగా తయారవుతున్న లక్కపిడతల సంగతి వేరు. వాటిని చేసినవాళ్లకు అసలు పేరు సరే, మారుపేరైనా లేదు. అటక మీది పాత డబ్బాలో దొరికిన ఒక బుల్లి రుబ్బురోలు ఎవరి చేతిలో పుట్టిందో కనుక్కోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మన సంప్రదాయంలో పనివాళ్లు పేరు కోరుకోరు, అది వాళ్ల వినయం అని ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. వినడానికి బాగుంటుంది గానీ చరిత్ర దానికి సాక్ష్యం చెప్పదు. పట్టదకల్లు విరూపాక్షాలయం శాసనంలో, ఎనిమిదో శతాబ్దంలోనే, గుండ అనే స్థపతి పేరు అనివారితాచారి అన్న బిరుదుతో సహా చెక్కి ఉంది. బేలూరు, హళేబీడు శిల్పులు తమ బొమ్మల కింద పేర్లు రాసుకున్నారు. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాల చివర పద్యం కట్టిన కవి పేరు, రేకు మీద చెక్కినవాడి పేరు కనిపిస్తాయి. అంటే అవకాశం దొరికిన చోట మన పనివాళ్లు పేరు చెప్పుకున్నారు, అదీ దర్జాగా. లక్కపిడత చేసినవాళ్లకు దొరకనిది ఆ అవకాశమే. గుడి కదలదు, దాని ముందు రాతిపలక నిలబడి ఉంటుంది. లక్కపిడతేమో గుప్పిట్లో పట్టేంత వస్తువు, పిల్లల చేతిలో నాలుగు నెలలు నిలిస్తే గొప్ప. తీర్థాల్లోనో, కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాలమ్మ జాతరలోనో గంపగుత్తగా అమ్ముడుపోయే సరుకది. అలాంటి సరుకు మీద చేసినవాడి పేరుంటే కొనేవాళ్లు మళ్లీ ఏడు నేరుగా అతని గుమ్మంలోకే పోతారు. మధ్యవర్తికి అది ఎలా గిట్టుతుంది? కాబట్టి ఈ పేరు లేకపోవడం వినయం వల్ల వచ్చింది కాదు, అమ్మకం నడిచిన తీరు వల్ల వచ్చింది. అమ్మకం తీరు మారితే అదీ మారుతుంది.

పేరు లేదన్నంత మాత్రాన ఆనవాళ్లూ లేవని కాదు. ఏటికొప్పాక బొమ్మకు మూలం అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, సన్నని పోగుతో ఉండి ఉలికి ఎదురు తిరగని కర్ర అది. ఆరబెట్టిన ముక్కను లేతుకు బిగించి, తిరుగుతుండగా ఉలి ఆనించి రూపం తీస్తారు. ఆ తరవాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరిగే కర్రకే అదిమి పెడతారు. రాపిడికి పుట్టిన వేడితో లక్క కరిగి పొరలా పట్టుకుంటుంది. పొడి మొగలి ఆకుతో ఒత్తితే ఆ పొర సర్దుకుని, అద్దంలా నిగనిగలాడుతుంది. ఇందులో కుంచె లేదు, అచ్చు లేదు. ప్రతి వంపునూ కన్ను కొలవాలి, చెయ్యి ఆపాలి. అందుకే ఒక్కొక్కరి దస్తూరీలాగే ఒక్కొక్కరి పనికీ ఒక తీరు ఉంటుంది. కుంకుమ భరిణె మూతనే తీసుకోండి. మర ఉండదు, మేకు ఉండదు, కర్రకు కర్ర ఒరుసుకుని నిలవాలి. కొందరు చేసిన మూత టప్పున ఊడుతుంది, కొందరిది కొసదాకా బిగువుగా జారుతుంది. భరిణెను తిరగేస్తే లేతు నుంచి కోసి విడదీసిన చోటు తెలుస్తుంది. ఆ అడుగును ఒకరు నున్నగా తీర్చి లక్క పూస్తారు, ఇంకొకరు ఎవరు చూస్తారులే అని వదిలేస్తారు. పసుపు పట్టీ పక్కన ఎరుపు పట్టీ మొదలయ్యే గీత ఎంత సన్నగా తెగిందన్నది మరో ఆనవాలు. ఒకే చేతి వస్తువులు పది పక్కపక్కన పెడితే పోలిక తెలుస్తుంది, అసలు చిక్కు ఆ పదీ ఒక్కచోట చేర్చడంలోనే ఉంది.

రంగు కూడా కొంత చెబుతుంది, అయితే మనిషిని కాదు, కాలాన్ని. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో కృత్రిమ రంగులు పుట్టి ప్రపంచమంతా పాకాయి. మన లక్కపనీ వాటి దారే పట్టింది. అవి చవక, పైగా కొట్టొచ్చినట్టు కనబడతాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకు సీసం కలిసిన రంగు ప్రమాదమన్న గ్రహింపు వచ్చాక ఏటికొప్పాకకు చెందిన చింతలపాటి వెంకటపతి రాజు వంటివారు మళ్లీ పసుపు, నీలి, జాఫ్రా గింజలు, కరక్కాయల వైపు తిరిగారు. ఈ కృషికే ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. అందులో వంక పెట్టాల్సింది లేదు. ఆ మలుపు లేకపోతే ఊరి బొమ్మకు బయటి సంతల్లో చోటుండేది కాదు. అయినా ఒక సంగతి గమనించాలి. చేతిపనుల చరిత్రలో ఆదరించినవారి పేరు, ఉద్ధరించినవారి పేరు నిలిచినంత తేలిగ్గా లేతు దగ్గర కూర్చున్నవారి పేరు నిలవదు. కర్ణాటకలో చెన్నపట్న బొమ్మలూ అంకుడు కర్రవే. ఆ కథ ఎవరు చెప్పినా టిప్పు సుల్తానుతో మొదలవుతుంది, ఆయన రప్పించారని చెప్పుకునే పనివాళ్లు మాత్రం ఆ కథలో గుంపుగానే మిగిలిపోయారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది, 2020 ఆగస్టులో ప్రధాని రేడియో ప్రసంగంలో ప్రస్తావన వచ్చింది, 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో వాటి మీద రూపొందించిన ఆంధ్రప్రదేశ్ శకటం మూడో స్థానంలో నిలిచింది. ఆ ప్రసంగంలో రాజు పేరు వినబడిందన్న మాటే గానీ, అన్నిచోట్లా మోగింది ఊరి పేరే. ఊరంతటికీ కలిపి ఒకే మారుపేరు అన్నమాట! జాతీయ, రాష్ట్ర పురస్కారాలు కొందరి పేర్లను బయటికి తెచ్చిన మాట నిజం. కానీ పురస్కారం పోటీకి చేసిన అపురూపమైన వస్తువుకు వస్తుంది, తీర్థంలో అమ్ముడుపోయిన పిడతకు రాదు.

దీనికి ఎదురు వాదనలు ఉన్నాయి, తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. మొదటిది: కర్ర ఒకరు కోస్తారు, లేతు ఒకరు నడుపుతారు, ముక్కలు ఒకరు అతుకుతారు, కనుముక్కులు ఒకరు దిద్దుతారు, ఇక కర్త ఎవరు? ఈ ప్రశ్న సినిమాకూ వర్తిస్తుంది. అక్కడ మనం పేర్లు మానెయ్యలేదు, తెర మీద వరసగా వేశాం. పని పంచుకోవడం వల్ల పేర్లు పెరుగుతాయే గానీ మాయం కావు. రెండోది ఇంతకంటే గట్టిది, జపాను నుంచి వచ్చింది. అక్కడి చేతిపనుల ఉద్యమానికి ఆద్యుడైన యనాగి సోయెత్సు 1920ల నుంచీ ఒక మాట నొక్కి చెప్పారు: పేరు తెలియని పనివాడు రోజువారీ వాడకానికి చేసిన వస్తువులోనే నిజమైన అందం ఉంది, పేరు కోసం పాకులాడితే ఆ అందం చెడుతుంది. అలాంటి వస్తువుల కోసమే 1936లో టోక్యోలో ఒక మ్యూజియం వెలిసింది. ఆయన చూపు గొప్పది, నాకూ అది నచ్చుతుంది. కానీ ఆ ఉద్యమం నుంచి లోకానికి మిగిలిన పేర్లేవి? యనాగి, కుండలు చేసిన హమదా షోజి, కవాయ్ కన్జిరో. హమదా తన కుండల మీద సంతకం మానేశారు, నిజమే. ఆ కుండలు పెట్టిన పెట్టెల మీద మాత్రం సంతకం చేశారు. పేరు వద్దనుకునే సౌకర్యం ముందే పేరున్నవారికి ఉంటుంది. రావిశాస్త్రి జాస్మిన్ అని రాయగలిగారంటే దాచుకోవడానికి ఒక పేరు ఉండబట్టే.

పేరు లేని పనిని మనిషి దాకా తీసుకెళ్లడం అసాధ్యమేమీ కాదని రుజువు చేసినవారు కళాచరిత్రకారుడు బి.ఎన్. గోస్వామి. పహాడీ చిత్రాలను అంతకుముందు రాజ్యాల పేర్లతో, కాంగ్రా అనీ గులేర్ అనీ పిలిచేవారు, సరిగ్గా ఏటికొప్పాక అన్నట్టే. గోస్వామి హరిద్వారం పండాల బహీలు తిరగేశారు. యాత్రికులు తమ వంశవృక్షం రాయించుకునే ఆ పుస్తకాల్లో చిత్రకారుల కుటుంబాలు కనబడ్డాయి. చేతిలో ఉన్న నాలుగైదు పేర్ల చుట్టూ బంధుత్వాలు అల్లుకున్నాయి. శైలి రాజుది కాదు, కుటుంబానిదని ఆయన 1968లో వ్యాసం రాశారు. సేవు, అతని కొడుకులు మానకు, నైన్‌సుఖ్ ఇవాళ కళాచరిత్రలో మనుషులుగా నిలబడ్డారంటే ఆ దారిలోనే. బొమ్మ ఒక వైపు, దాంతో సంబంధం లేని దస్తావేజు మరో వైపు. రెండూ కలిసిన చోట మనిషి దొరికాడు. ఏటికొప్పాక పనివాళ్లకు అలాంటి దస్తావేజు హరిద్వారంలోనే ఉండాలని లేదు. వర్తకుల పద్దు పుస్తకాలు, బడి రిజిస్టర్లు, హస్తకళాకారుల గుర్తింపు కార్డుల జాబితాలు, ఎవరి దగ్గర ఎవరు పని నేర్చుకున్నారో చెప్పగల ముసలివాళ్లు, ఇవన్నీ ఆ కోవలోవే.

ఇంకొక దారి చట్టంలోనే ఉంది. భౌగోళిక గుర్తింపు ఊరందరిదీ కదా, విడిగా పేర్లెందుకని వాదించేవారు 1999 నాటి ఆ చట్టాన్ని పూర్తిగా చదవరు. గుర్తింపు పొందిన సంస్థ పేరు ఒక వరస. ఆ సరుకు చేసేవాళ్లు ఎవరికి వారు అధీకృత వినియోగదారులుగా నమోదు కావడానికి మరో వరస ఉంది. ఊరి పేరునూ మనిషి పేరునూ ఒకే రిజిస్టరులో పెట్టే ఏర్పాటది. గుర్తింపును పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి కాబట్టి ఆ రెండో వరసను నింపుకోవడానికి గడువు దానంతటదే వస్తూ ఉంటుంది. ఆ జాబితా కట్టేటప్పుడు లేతు నడిపేవారి దగ్గరే ఆగిపోకూడదు. లక్క కడ్డీ కాచి రంగు కలిపినవాళ్లను, అతికినవాళ్లను, ఇంట్లో ఒక మూల కూర్చుని కనుముక్కులు దిద్దిన ఆడవాళ్లను కూడా రాయాలి. ప్రతి పేరు పక్కనా ఎవరి దగ్గర నేర్చుకున్నదీ, ఏ వస్తువు చేస్తారన్నదీ రెండు గళ్లు అదనంగా గీసి, ఆ చేతి భరిణె ఒకటి నంబరు వేసి పక్కన దాచిపెట్టాలి.